గుప్పెడు వెలుగుతో ఫోటో

కార్తీక పౌర్ణమి మర్నాడు పొద్దున్నే మా పక్కింటి అమ్మాయి వచ్చి గుమ్మంలో నిలబడింది. తొమ్మిదో తరగతి చదువుతోంది. చేతిలో వాళ్ళ నాన్నగారి పాత సెల్ ఫోను ఉంది. మొహం చూస్తే వాన కురవబోయే ఆకాశంలా ఉంది.

"మాస్టారూ, ఒక్క ఫోటో కూడా బాగా రాలేదండీ!" అంది.

ముందురోజు సాయంత్రం వాళ్ళ అమ్మమ్మ తులసికోట దగ్గర 365 వత్తులు కలిపి వెలిగించింది. అమ్మాయి పెరటి గుమ్మం దగ్గర నిలబడి, వేళ్ళతో తెరమీద బొమ్మను దగ్గరకు లాక్కుని, మూడు ఫోటోలు తీసింది. మొదటిదాంట్లో అమ్మమ్మ మొహం నిండా బొంబాయి రవ్వ చల్లినట్టుంది. రెండోదాంట్లో అమ్మమ్మకి రెండు ముక్కులు వచ్చాయి. మూడోదానికి ఫ్లాష్ వేసింది. మొహం పిండి పూసినట్టు తెల్లబడింది. దీపం వెలిగిందో లేదో కూడా తెలియడం లేదు. వెనక పెరడంతా కాటుక పులిమినట్టుంది.

"ఫోను పాతదైపోయిందండీ. కొత్తది కొనమంటే నాన్న ఇప్పుడు కాదంటున్నారు. అమ్మమ్మేమో రేపు తెల్లవారుజామున బస్సుకి ఊరు వెళ్ళిపోతోంది. మళ్ళీ ఏడాదికి గాని రాదు."

"అయితే ఇవాళ సాయంత్రం ఉంది కదా?"

"ఇవాళ 365 వత్తులు వెలిగించరు కదండీ! రెండు ప్రమిదలే పెడతారు. నిన్నటి మంటకే రాని ఫోటో ఇవాళ వస్తుందా?"

వస్తుంది. ఎందుకు వస్తుందో, ఎలా రప్పించవచ్చో ఇప్పుడు మీకూ చెబుతాను. ఈ విషయం అర్థమైతే మీ ఇంట్లో ఉన్న కెమెరాతోనే, అది ఎంత పాతదైనా సరే, రాత్రివేళ ఇంతకుముందుకంటే మంచి ఫోటోలు తీయగలుగుతారు.

కన్ను చేసే మోసం

ముందుగా ఒక ప్రశ్న. ట్యూబులైటు వెలిగించిన గదిలో వెలుగు ఎక్కువా, బయట మిట్టమధ్యాహ్నం ఎండలో ఎక్కువా? "ఎండలోనే" అని అందరూ చెబుతారు. ఎంత ఎక్కువ? రెండింతలా? పదింతలా?

ఒక చోట పడుతున్న వెలుగును కొలవడానికి లక్స్ అనే ప్రమాణం ఉంది. ఒక కొవ్వొత్తికి మీటరు దూరంలో పుస్తకం పట్టుకుంటే దానిమీద పడే వెలుగు సుమారు 1 లక్స్. రాత్రిపూట దీపాలు వెలిగించిన ఇంటి గదిలో 100 నుంచి 200 లక్స్ దాకా ఉంటుంది. మధ్యాహ్నపు ఎండ సుమారు 1,00,000 లక్స్! అంటే గదిలో కంటే బయట వెలుగు వెయ్యిరెట్లు దాకా ఉండవచ్చు. ఇక నిండు పున్నమి వెన్నెల సుమారు పావు లక్స్ మాత్రమే.

మరి మనకు ఆ తేడా తెలియదేం? మన కంటికి సర్దుకుపోయే గుణం ఉంది. ఎండలో కనుపాప 2 మిల్లీమీటర్లకు ముడుచుకుంటుంది. చీకట్లో 7 మిల్లీమీటర్ల దాకా విప్పారుతుంది. దానికితోడు కంటి వెనకనున్న రెటీనా పొర మెల్లమెల్లగా చీకటికి అలవాటు పడుతుంది. కరెంటు పోయినప్పుడు ముందు ఏమీ కనబడక, కాసేపటికి గోడలూ, మంచాలూ కనబడడం మీ అందరికీ అనుభవమే. పూర్తిగా అలవాటు పడడానికి 20, 30 నిమిషాలు పడుతుంది.

అందుకే దీపం దగ్గర కూర్చున్న అమ్మమ్మ మన కంటికి చక్కగా కనిపిస్తుంది. కెమెరాకు ఆ సర్దుబాటు గుణం అంతగా లేదు. దానికి అందిన వెలుగు ఎంతో, అంతే లెక్క.

వెలుగు కూడా చినుకులే

ఆ లెక్క ఎలా జరుగుతుందో చూద్దాం. డిజిటల్ కెమెరాలో కటకం వెనక, వెనకటి కాలపు ఫిల్ము ఉండవలసిన చోట, సెన్సర్ అనే చిన్న పలక ఉంటుంది. సిలికాన్‌తో చేసిన ఆ పలకమీద లక్షలకొద్దీ, ఇప్పటి ఫోన్లలో కోట్లకొద్దీ, బుల్లి గళ్ళు ఉంటాయి. ఆ గడినే పిక్సెల్ అంటారు.

వెలుగు నీటిధారలా ఎడతెగకుండా ప్రవహించదనీ, చిన్న చిన్న మూటలుగా వస్తుందనీ 1905లో ఐన్‌స్టీన్ చెప్పాడు. ఆ మూటకే తర్వాత ఫోటాన్ అని పేరు పెట్టారు. ఫోటాన్ సిలికాన్‌కు తగిలితే అక్కడ ఒక ఎలక్ట్రాన్ విడుదల అవుతుంది. ఏ గడిలో ఎన్ని ఎలక్ట్రాన్లు పోగయ్యాయో లెక్కపెడితే ఆ చోట ఎంత వెలుగు పడిందో తెలుస్తుంది. ఇలా పోగుచేసి లెక్కపెట్టే పరికరాన్ని 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో విలార్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు రూపొందించారు. అందుకు 2009లో వారికి నోబెల్ బహుమతి వచ్చింది. 1975లో కొడాక్ కంపెనీ ఇంజనీరు స్టీవెన్ సాసన్ తయారుచేసిన మొట్టమొదటి డిజిటల్ కెమెరాలో ఉన్న గళ్ళు 10,000 మాత్రమే. ఒక్క ఫోటోను టేపు క్యాసెట్‌మీద నమోదు చేయడానికి దానికి 23 సెకన్లు పట్టేది.

ఇప్పుడు ఒక దృశ్యం ఊహించుకోండి. మీ ఇంటి వాకిట్లో వంద గ్లాసులు వరసగా పెట్టారు. కుండపోతగా గంటసేపు వాన పడింది. ప్రతి గ్లాసులోనూ నీళ్ళు దాదాపు ఒకే ఎత్తున ఉంటాయి. ఈసారి అవే గ్లాసులు ఖాళీచేసి పెట్టారు. నాలుగు చినుకులు రాలి వాన ఆగిపోయింది. ఒక గ్లాసులో అయిదు చినుకులు, పక్కదాంట్లో రెండు, ఆ పక్కదాంట్లో అసలు లేనే లేవు. వాకిలంతా కురిసింది ఒకే వాన. అయినా గ్లాసుకూ గ్లాసుకూ తేడా వచ్చింది. ఎందుకు? చినుకులు లెక్కప్రకారం పడవు; ఎక్కడ పడితే అక్కడ పడతాయి. చినుకులు తక్కువైనప్పుడు ఆ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

అమ్మమ్మ చెంప మీద నిజానికి వెలుగు సమంగానే ఉంది. కాని సెన్సర్ గళ్ళలోకి వచ్చిన ఫోటాన్లు కొద్ది. పక్కపక్క గళ్ళలోనే ఒకదాంట్లో ఎక్కువ, ఒకదాంట్లో తక్కువ పడ్డాయి. ఎక్కువ పడిన గడి తెల్లచుక్కగా, తక్కువ పడిన గడి నల్లచుక్కగా వచ్చింది. అదే మొహంమీది బొంబాయి రవ్వ!

ఈ తేడా ఎంత ఉంటుందో చెప్పడానికి ఒక చక్కని సూత్రం ఉంది. సగటున ఎన్ని పడతాయో ఆ సంఖ్యకు వర్గమూలం కట్టండి. తేడా సుమారుగా అంత ఉంటుంది. గడికి సగటున 100 ఫోటాన్లు పడితే తేడా 10. అంటే నూటికి పది వంతులు. 10,000 పడితే తేడా 100. అంటే నూటికి ఒక్క వంతే. ఫోటాన్లు నూరురెట్లు పెరిగితే గరుకుదనం పదోవంతుకు తగ్గింది.

కెమెరాలోని విద్యుత్ వలయాలు చేసే చిన్న చిన్న పొరపాట్లు కూడా కొంత గరుకు కలుపుతాయి. కాని పెద్ద కారణం మాత్రం ఈ చినుకుల లెక్కే.

చేసి చూడండి

నా మాట నమ్మనక్కర్లేదు. పరమపద సోపానం ఆడుకునే పాచికలు రెండు తీసుకోండి. ఒకటి ఎరుపు, ఒకటి తెలుపు అయితే మంచిది. కాగితంమీద అడ్డం 6, నిలువు 6 చొప్పున 36 గళ్ళు గీయండి. రెండు పాచికలూ కలిపి వేయండి. ఎర్రదానిమీది అంకె అడ్డవరస, తెల్లదానిమీది అంకె నిలువువరస. ఆ రెండూ కలిసే గడిలో ఒక చుక్క పెట్టండి. ఇలా 144 సార్లు వేయండి. గడికి సగటున 4 చుక్కలు రావాలి. కాని చూడండి, చాలా గళ్ళలో 2 నుంచి 6 దాకా ఉంటాయి. ఒకటి రెండు గళ్ళలో ఒక్కటో, అసలు లేకుండానో ఉండవచ్చు. మరో గడిలో ఎనిమిదో తొమ్మిదో ఉండవచ్చు. పాచికలకు ఏ గడిమీదా పక్షపాతం లేదు. అయినా కాగితం మచ్చలు మచ్చలుగా కనిపిస్తుంది.

ఇదే ప్రయోగం మీ తరగతిలో పదిమంది చేసి, ఎవరి కాగితం వారు తెచ్చి, ఒకే స్థానంలో ఉన్న గళ్ళను కలిపి కూడండి. ఇప్పుడు సగటు 40. చాలా గళ్ళు 34కూ 46కూ మధ్యనే ఉంటాయి. పది మచ్చల కాగితాలు కలిసి ఒక నున్నని కాగితం అయింది! ఈ ఫలితాన్ని గుర్తుపెట్టుకోండి, దీనితో మళ్ళీ పనిపడుతుంది.

గొంతు పెంచితే పాట బాగుపడదు

"మా ఫోన్లో ఐ.ఎస్.ఓ. అని ఉందండీ. అది పెంచితే ఫోటో వెలుతురుగా వస్తుందట కదా?" అంది అమ్మాయి.

వెలుతురుగా వచ్చే మాట నిజమే. కాని అందువల్ల కెమెరాలోకి ఒక్క ఫోటాన్ కూడా అదనంగా రాదు. దూరపు స్టేషను రేడియోలో సన్నగా వినిపిస్తోందనుకోండి. గొంతు పెంచితే పాట పెద్దగా వినిపిస్తుంది. దానితోపాటు గరగర కూడా పెద్దదవుతుంది. ఐ.ఎస్.ఓ. పని కూడా అంతే. ఒక గడిలో 3, పక్క గడిలో 1 పడ్డాయనుకోండి. ఎనిమిదింతలు చేస్తే 24, 8 అవుతాయి. నిష్పత్తి మారలేదు, ఇంతకుముందు చీకట్లో దాగిన తేడా ఇప్పుడు బయటపడింది.

ఫోను తనంతట తానే ఫోటో తీస్తున్నప్పుడు వెలుగు చాలకపోతే చేసేది ఎక్కువగా ఇదే. కాబట్టి మన పని ఐ.ఎస్.ఓ. పెంచడం కాదు, పెంచవలసిన అవసరం లేకుండా ఫోటాన్లను పోగుచెయ్యడం. చినుకులు ఎక్కువ పట్టాలంటే ఏం చేస్తాం? పెద్ద మూతి ఉన్న పాత్ర పెడతాం, ఎక్కువసేపు ఉంచుతాం, లేదా వాన ఎక్కువగా పడేచోట పెడతాం. అంతకుమించి దారి లేదు. కెమెరాకైనా అంతే.

మొదటి దారి: పెద్ద తలుపు

కటకంలో వెలుగు వచ్చే రంధ్రాన్ని అపెర్చర్ అంటారు. కటకం నాభ్యంతరాన్ని రంధ్రం వ్యాసంతో భాగిస్తే వచ్చే అంకెను ఎఫ్ సంఖ్య అంటారు. 50 మిల్లీమీటర్ల నాభ్యంతరం ఉన్న కటకానికి రంధ్రం వ్యాసం 25 మిల్లీమీటర్లైతే అది ఎఫ్ 2. వ్యాసం 12.5 మిల్లీమీటర్లకు తగ్గిస్తే ఎఫ్ 4. వ్యాసం సగమైతే వైశాల్యం నాలుగోవంతు అవుతుంది కదా! అందుకని ఎఫ్ 4 దగ్గర వచ్చే వెలుగు ఎఫ్ 2 దగ్గర వచ్చేదానిలో నాలుగోవంతే. అంకె చిన్నదైతే తలుపు పెద్దదన్నమాట.

కటకాలు మార్చే కెమెరా ఉన్నవారు రాత్రివేళ అతి చిన్న ఎఫ్ సంఖ్య పెట్టుకోవాలి. ఫోన్లలో చాలావాటికి ఈ తలుపు మార్చే వీలు లేదు. ఉదాహరణకు నాభ్యంతరం 4.3 మిల్లీమీటర్లు, ఎఫ్ 1.8 ఉన్న ఫోను కటకం రంధ్రం 2.4 మిల్లీమీటర్లే. చీకట్లో విప్పారిన మన కనుపాపతో పోలిస్తే వైశాల్యంలో ఎనిమిదోవంతు! పాపం, ఫోను తప్పేముంది?

అయినా ఇక్కడ మనం చేయగలిగినవి మూడున్నాయి. ఒకటి: మెత్తటి నూలుగుడ్డతో కటకాన్ని తుడవండి. చేతి జిడ్డు అంటిన కటకం దీపం చుట్టూ పొగమంచులాంటి వెలుగు పరుస్తుంది. రెండు: రెండు మూడు కటకాలు ఉన్న ఫోన్లలో, సాధారణంగా 1 అని గుర్తు ఉన్న ముఖ్య కటకానికే పెద్ద తలుపూ, పెద్ద సెన్సరూ ఉంటాయి. రాత్రికి దాన్నే వాడండి. మూడు: వేళ్ళతో బొమ్మను దగ్గరకు లాగకండి. అలా లాగినప్పుడు చాలా ఫోన్లు ఫోటో మధ్య ముక్కను కత్తిరించి సాగదీస్తాయంతే. మిగిలిన గళ్ళలో పడిన ఫోటాన్లన్నీ వృథా. అంతకంటే రెండడుగులు ముందుకు వేయడం మేలు.

రెండో దారి: ఎక్కువసేపు తలుపు తెరవడం

ఫ్రాన్సు దేశంలో నీప్స్ అనే ఆయన 1826, 1827 ప్రాంతంలో తన ఇంటి కిటికీలోంచి తీసిన ఫోటో ఇప్పటికీ భద్రంగా ఉంది. ఆ ఒక్క ఫోటోకి పట్టపగలు గంటలకొద్దీ తలుపు తెరిచి ఉంచవలసి వచ్చింది. 1838లో డాగేర్ పారిస్‌లో ఒక వీధిని ఫోటో తీశాడు. దానికి నిమిషాలు పట్టింది. వీధినిండా బళ్ళూ, మనుషులూ తిరుగుతూనే ఉన్నారు. కాని ఫోటోలో వీధి ఖాళీ! కదిలేవాళ్ళెవరూ ఒకచోట నిలిచి తమ గుర్తు వేయలేదు. ఒక్క మనిషి మాత్రం కనిపిస్తాడు. ఆయన బూట్లు పాలిష్ చేయించుకుంటూ కదలకుండా నిలబడ్డాడు. మనుషులు కనిపించే తొలి ఫోటోలలో అదొకటి.

ఈ కథలో రెండు పాఠాలున్నాయి. ఎక్కువసేపు తెరిస్తే ఎక్కువ వెలుగు వస్తుంది. కాని కెమెరా కదలకూడదు, మనిషీ కదలకూడదు.

పగలు ఫోను 1/1000 సెకనులో ఫోటో తీసేస్తుంది. రాత్రి అదే ఫోను 1/15 సెకను తలుపు తెరిచి ఉంచాలనుకుంటుంది. సాధారణంగా 1/30 సెకను దాటితే మన చేతి వణుకు ఫోటోలో కనిపించడం మొదలవుతుంది. అమ్మమ్మకు రెండు ముక్కులు వచ్చింది అందుకే.

దీనికి ఖరీదైన ముక్కాలిపీట కొననక్కర్లేదు. ఒక స్టూలు వేసి, దానిమీద చిన్న సంచిలో రెండు కిలోల బియ్యం పోసి పెట్టండి. అందులో ఫోనును గుచ్చినట్టు నిలబెట్టండి. బియ్యం ఫోనును అన్నివైపులా పట్టుకుంటుంది. మీట నొక్కినప్పుడు కూడా ఫోను కదులుతుంది కాబట్టి 3 సెకన్ల తర్వాత తనే తీసుకునేట్టు టైమరు పెట్టండి. ఇలా చేస్తే 1/15 సెకనుకు బదులు 1/4 సెకను తెరిచి ఉంచవచ్చు. వెలుగు దాదాపు నాలుగురెట్లు పోగవుతుంది.

పాచికల ప్రయోగం ఆకాశంలో

మనిషి కదలకుండా ఎంతసేపు కూర్చోగలడు? అందుకని కొత్త ఫోన్లు ఒక ఉపాయం చేస్తాయి. 2018 ప్రాంతం నుంచి చాలా ఫోన్లలో నైట్ మోడ్ అనేది వచ్చింది. మీరు ఒక్కసారి నొక్కితే అది వరసగా అనేక ఫోటోలు తీసి, చేతి వణుకువల్ల పక్కకు జరిగినవాటిని సరిగా ఒకదానిమీద ఒకటి పేర్చి కలుపుతుంది. అర్థమైందా? పదిమంది పాచికల కాగితాలు కలిపి మీరు చేసింది అదే!

ఖగోళ శాస్త్రజ్ఞులకు ఈ సంగతి ఎప్పటినుంచో తెలుసు. హైదరాబాద్ బేగంపేటలో నిజామియా వేధశాల ఉండేది. ఆకాశం మొత్తాన్ని ఫోటోలు తీసి నక్షత్రాల పట్టిక తయారుచేయాలని 1887లో పారిస్‌లో మొదలైన అంతర్జాతీయ ప్రయత్నంలో అది పాలుపంచుకుంది. కంటికి కనబడని మసక నక్షత్రాలు గాజుపలకమీద పడాలంటే నిమిషాలకొద్దీ తలుపు తెరిచి ఉంచాలి. ఆకాశం తిరుగుతూనే ఉంటుంది కనుక దూరదర్శినిని కూడా దానితోపాటే జాగ్రత్తగా తిప్పాలి. అలా ఓపికపట్టి ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలను అక్కడ నమోదు చేశారు.

2003 సెప్టెంబరు నుంచి 2004 జనవరి వరకు హబుల్ దూరదర్శిని ఆకాశంలో ఏమీ లేనట్టు కనిపించే ఒక చిన్న ముక్కను 800 సార్లు ఫోటో తీసింది. అన్నీ కలిపితే 11 రోజులకు పైగా తలుపు తెరిచినట్టు. అతి మసకగా ఉన్న వస్తువుల నుంచి నిమిషానికి ఒక్క ఫోటాన్ చొప్పున వచ్చింది. అన్నీ కూడితే దాదాపు 10,000 గెలాక్సీలు బయటపడ్డాయి!

మూడో దారి: దీపాన్ని దగ్గరకు జరపడం

మీ అమ్మమ్మ సూదిలో దారం ఎక్కించేటప్పుడు గమనించండి. సూదిని దీపం దగ్గరగా పట్టుకుంటుంది. వయసు పెరిగినకొద్దీ కనుపాప చీకట్లో మునుపటంత విప్పారదు. తలుపు చిన్నదైంది కాబట్టి ఆవిడ వెలుగునే పెంచుకుంటోంది. ఫోనుకు కూడా ఆ నేర్పే కావాలి.

దీపానికి దూరం సగం చేస్తే వెలుగు రెండింతలు కాదు, నాలుగింతలు అవుతుంది. మూడోవంతు చేస్తే తొమ్మిదింతలు. దీన్నే విలోమ వర్గ నియమం అంటారు. మీటరు దూరంలో ఉన్న ప్రమిదను అరమీటరు దూరానికి తెస్తే నాలుగు ప్రమిదలు వెలిగించినట్టే! మంట దగ్గర కదా, చీరకొంగు, జుట్టు మాత్రం జాగ్రత్త. దీపానికి ఎదురువైపు ఒక తెల్ల దుప్పటి కడితే, దానిమీద పడిన వెలుగు తిరిగివచ్చి మొహం రెండో పక్కన కూడా పడుతుంది.

మరి ఫ్లాష్ ఎందుకు పాడుచేసింది? అదే నియమం వల్ల. ఫ్లాష్ నుంచి మీటరు దూరంలో ఉన్న మొహంమీద పడే వెలుగులో తొమ్మిదోవంతే మూడు మీటర్ల దూరంలో ఉన్న గోడమీద పడుతుంది. మొహానికి సరిపోతే పెరడు నల్లబడుతుంది. పైగా ఆ బలమైన తెల్లని వెలుగు ముందు ప్రమిద వెలుగు ఎంత? దీపం వెలిగించినందువల్ల వచ్చిన అందమంతా అది తుడిచేసింది. అందుకని దీపం దగ్గర తీసే ఫోటోకు ఫ్లాష్ ఆపేయండి.

ఇంకో చిక్కు ఉంది. మంట చాలా ప్రకాశవంతం, మొహం మసక. గ్లాసు నిండాక పడిన నీళ్ళు పొర్లిపోతాయి కదా! మంట పడిన గళ్ళు కూడా అలాగే నిండిపోయి ఉత్త తెల్లగా మిగులుతాయి. మంటను చూసి ఫోను భయపడితే మొహాన్ని నల్లగా చేస్తుంది. అందువల్ల తెరమీద మొహాన్ని వేలితో తాకండి. అక్కడి వెలుగునే లెక్కలోకి తీసుకొమ్మని ఫోనుకు చెప్పినట్టవుతుంది. మంట ఒక వస్తువు చాటుకో, చేతి చాటుకో వచ్చేట్టు కూర్చోబెడితే మరీ మంచిది.

చివరగా, ఆకాశం సహాయం కూడా తీసుకోవచ్చు. మన ప్రాంతంలో పొద్దు కుంకిన తర్వాత 20 నిమిషాలపాటు ఆకాశంలో సందె వెలుగు మిగిలి ఉంటుంది. పూర్తిగా చీకటి పడేదాకా ఆగకుండా అప్పుడే ఫోటో తీస్తే వెనకనున్న చెట్టూ, గోడా కూడా కనిపిస్తాయి.

ఆ సాయంత్రం

అమ్మాయికి ఇదంతా చెప్పి, కాగితంమీద లెక్క వేసి చూపించాను. మామూలుగా చేత్తో తీస్తే ఆ ఫోను ఎంచుకునే అంకెలు 1/15 సెకను, ఐ.ఎస్.ఓ. 6400. ప్రమిదను సగం దూరానికి జరిపితే వెలుగు 4 రెట్లు. 1/15 సెకనుకు బదులు 1/4 సెకను తెరిస్తే దాదాపు 4 రెట్లు. మొత్తం 16 రెట్లు. కాబట్టి ఐ.ఎస్.ఓ. 6400లో పదహారోవంతు, అంటే 400 చాలు. ఫోటాన్లు 16 రెట్లు పెరిగాయి కనుక గరుకు 16కు వర్గమూలం చొప్పున, అంటే నాలుగోవంతుకు తగ్గాలి. పైసా ఖర్చు లేదు!

ఆ పాత ఫోనులో నైట్ మోడ్ లేదు. కాని ప్రో అని ఉన్నచోట ఈ అంకెలు మనమే పెట్టుకునే వీలుంది. పొద్దుకుంకగానే పెరట్లో స్టూలు, బియ్యం సంచి సిద్ధమయ్యాయి. దండెంమీద తెల్ల దుప్పటి వేలాడింది.

"నన్ను పెళ్ళికూతుర్ని చేస్తున్నార్రా ఏమిటి?" అంది అమ్మమ్మ.

"అమ్మమ్మగారూ, ప్రమిద చేత్తో పట్టుకుని కొంచెం కిందికి చూడండి. ఊపిరి వదిలాక ఒక్క క్షణం కదలకండి" అన్నాను.

మొదటి నాలుగు ఫోటోలు పాడయ్యాయి. ఒకసారి గాలికి మంట ఊగింది. ఒకసారి అమ్మమ్మ నవ్వేసింది. పదకొండు తీస్తే రెండు బాగా కుదిరాయి. అందులో ఒకదాంట్లో అమ్మమ్మ మొహంమీద ముడతలన్నీ లెక్కపెట్టవచ్చు. ప్రమిద వెలుగు చెంపమీద పసుపు రాసినట్టుంది. వెనక తులసి కొమ్మ, దాని పైన ఇంకా ఆరని ఆకాశపు నీలం ఉన్నాయి. మూలల్లో కాస్త గరుకు ఉంది. ఉండనీ!

అమ్మాయి ఆ ఫోటోను చాలాసేపు చూసింది. "ఫోను పాతదని తిట్టాను పాపం" అంది. తర్వాత బియ్యం జాగ్రత్తగా డబ్బాలో పోసి, దుప్పటి మడతపెట్టి, అమ్మమ్మ సంచీ సర్దడానికి లోపలికి వెళ్ళింది.

ఆలోచించండి

1. గడికి సగటున 25 ఫోటాన్లు పడినప్పుడు తేడా నూటికి ఎంత? 400 పడితే ఎంత?

2. దీపం రెండు మీటర్ల నుంచి అరమీటరుకు వస్తే మొహంమీది వెలుగు ఎన్ని రెట్లవుతుంది?

3. ఎఫ్ 2 దగ్గర 1/8 సెకను సరిపోయిన చోట, ఎఫ్ 4 పెడితే ఎంతసేపు తలుపు తెరవాలి?

4. రాత్రివేళ రోడ్డుమీద వెళ్ళే బస్సును రెండు సెకన్లపాటు కదలని కెమెరాతో ఫోటో తీస్తే బస్సు కనిపించదు, దాని దీపాలు మాత్రం గీతలుగా కనిపిస్తాయి. ఎందుకు? డాగేర్ తీసిన వీధిని గుర్తు చేసుకుని జవాబు చెప్పండి.

జవాబులు: 1. నూటికి 20, నూటికి 5. 2. 16 రెట్లు. 3. అర సెకను. నాలుగో ప్రశ్నకు జవాబు మీరే రాసి, మీ సైన్సు మాస్టారికి చూపించండి.